రెండో రీలు దొంగ

మీలో ఎవరికైనా పిల్లలకు నీతి నేర్పాలన్న ఉబలాటం ఉంటే కాస్త ఆగి ఇది చదవండి. నేను నేర్పబోయి, నలభై మంది పిల్లల ముందు పరువు గంగలో కలుపుకున్నాను.

డెబ్బైల చివర, తిరుత్తణి పక్క కే.జీ.కండిగై దగ్గర ఒక పల్లె బడిలో కొత్త పంతుల్ని. ఒంటి మీద టెర్లిన్ చొక్కా, తల నిండా ఆదర్శాలు. తిరువళ్లూరు నుంచి ప్రొజెక్టరూ, రెండు రీళ్ల సినిమా ఒకటీ అరువు తెచ్చాను. బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాను. కథ చిన్నదే. పెద్దింట్లో గొలుసు పోతుంది. పేదది కాబట్టి పనిమనిషి మీద నింద పడుతుంది.

మొదటి రీలు అవగానే కిటికీలు తెరిపించి ఉపన్యాసం దంచాను. "చూసినారా? ఆధారం లేకుండా మనిషిని అనుమానించేదాని కంటే పాపం లేదు! పేదోళ్లయితే దొంగలేనా?"

"కాదు సార్!" బడి అదిరిపోయింది. నా గొప్పతనానికి నాకే కళ్లు చెమర్చాయి.

తీరా చూస్తే రెండో రీలు డబ్బా లేదు. సంచిలో లేదు, బల్ల కింద లేదు. అది పోయిందంటే నా ఉద్యోగమూ పోయినట్టే. బల్ల పక్కన ఇద్దరే కూర్చుని ఉన్నారు. ఒకడు ఊరి మోతుబరి కొడుకు మునిరత్నం, రెండోది మిల్లు కూలీ కూతురు మేరీ. నా వేలు ఎటు లేచిందో మీరే ఊహించుకోండి.

"మేరీ! డబ్బా యాడ దాచినావు?"

"నేను తీయలే సార్."

"ఇంకెవరు తీస్తారు? నీ సంచి చూపించు!"

మునిరత్నం లేచాడు. "సార్, నేనూ ఆడనే కదా కూర్చోనుండేది? నన్ను ఏల అడగలే?"



"ఆమా, అవును సార్, ఆధారం ఏది?" అంది వెనక బెంచీ. బడంతా అందుకుంది: "ఆధారం! ఆధారం!"

మునిరత్నం తన సంచి తెచ్చి నా ముందు బోర్లించాడు. రెండు జామకాయలు, నాలుగు గోలీలు రాలాయి. "మొదట నాది చూడండి సార్."

మేరీ కళ్లు తుడుచుకుని ప్రొజెక్టరు వైపు చూసింది. "మిషన్ కాలి కింద ఆ రేకుడబ్బా ఏంది సార్?"

బొమ్మ గోడ మీద కిందికి పడుతోందని, పొద్దున ముందుకాలి కింద ఎత్తు పెట్టింది నేనే. ఆ ఎత్తే రెండో రీలు.

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు నాదేనమ్మా మేరీ. నన్ను క్షమించు," అన్నాను అందరి ముందూ.

"సరే సార్. ఇంకోసారి ఎవురినీ అట్ల అనాకండి," అంది, అచ్చం నేను పిల్లల్ని మందలించే గొంతుతో.

చప్పట్లూ ఈలలతో పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. ఇంత బాగా ఒంటబట్టిన పాఠం ఏ పంతులు చెప్పి ఉంటాడు? ఛాతీ ఉప్పొంగిపోయి డబ్బా పైకెత్తాను. "ఇంక రెండో రీలు చూద్దామా?"

"ఎందుకు సార్?" అన్నాడు మునిరత్నం. "ఇప్పుడే చూసినాం కదా!"

ఆ ఆదివారమే తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కి, మురుగన్ సన్నిధిలో వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేశాను: స్వామీ, బతికినంతకాలం పిల్లలకు నీతి సినిమాలు చూపిస్తాను గానీ, వాటిలో వేషం మాత్రం కట్టను.