సగం కుట్టిన జిప్పు

మా బాబాయి చేతిసంచులకీ సూట్‌కేసులకీ జిప్పులు వేస్తాడు. ఆ పనంటే ఆయనకి ఏమాత్రం ఇష్టం లేదు. ఆ సంగతి దాచుకోడు కూడా. ఎవరైనా "భలే కుట్టారండీ" అంటే, సంచి బాగుపడింది కదా, ఇంక దయచేయండి అన్నట్టు మొహం పెడతాడు.

ఆయన కూతురు, అంటే మా అక్క, దీనికి పూర్తిగా రివర్సు. బట్టల షాపు అద్దాల్లో నిలబెట్టే బొమ్మలకి బట్టలు తొడిగే ఉద్యోగం ఆమెది. మూడోది. మొదటి రెండూ "ప్యాషన్ లేదు" అని మానేసింది. రేపు ఇదీ మానేస్తానని ఓ సాయంత్రం బాబాయి కొట్టుకి వచ్చి చెప్పింది.

"పొద్దున లేవగానే పరిగెత్తాలనిపించాలి నాన్నా. అలా అనిపించని పని పనే కాదు."

"నేను పరిగెత్తితే మోకాళ్ళు ఊడొస్తాయి తల్లీ."

అని, ఎర్ర సంచికి జిప్పు సగం కుట్టి, సూది అందులోనే గుచ్చి, తాళం వేసి రమ్మని అక్కకీ, అక్కడే ఉన్న నాకూ చెప్పి వెళ్ళిపోయాడు బాబాయి.

పాపం, ఓపిక అయిపోయిందనుకుంది అక్క. మిగతా సగం తనే మహా శ్రద్ధగా కుట్టేసింది.

"చూసుకో, అలవాటులో సంచికి చొక్కా తొడిగేస్తావ్," అన్నాను. మొట్టికాయ పడింది.

మర్నాడు కొట్టు తెరిచిన బాబాయి ఎర్ర సంచిని చూసి నిలబడిపోయాడు. కత్తెర తుడిచాడు. టీ తాగాడు. గుమ్మంలోకి వెళ్ళి ఎదురింటి పిల్లిని పలకరించాడు. జన్మలో ఎన్నడూ దాన్ని పలకరించిన మనిషి కాదు. బాగుచేయాల్సిన నీలం సూట్‌కేసు ఎదురుగానే ఉన్నా ముట్టుకోలేదు.

ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి వెళ్తూ, మెప్పు కోసం దారిలో ఆగింది అక్క.

"నేనే కుట్టా. బాలేదా?"

"బంగారంలా ఉంది. అదే నా ఖర్మ."

"అదేంటి నాన్నా!"

"ఏ రోజూ నాకిక్కడికి రావాలనిపించలేదే. అందుకే సాయంత్రం ఒకటి సగంలో వదిలేస్తా. అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా చెప్పులో రాయిలా గుచ్చుతుంది. దాన్ని వదిలించుకుందామని వస్తా. చెయ్యి పెట్టాక ఇంక రోజు అదే గడిచిపోతుంది."

"మరి ఇష్టం?"

"నీకు లేవగానే రావాలేమో. నాకు పదకొండింటికి కాస్త వస్తుంది. భోజనంవేళకి పోతుంది."

అంటూనే బ్లేడు తీసి అక్క కుట్టుని విప్పడం మొదలెట్టాడు.

"అయ్యో, నా కుట్టు!"

"మొత్తం కాదులే తల్లీ. జానెడు చాలు."

విప్పిన జానెడూ మళ్ళీ కుట్టుకుని, నీలం సూట్‌కేసు ముందుకి లాక్కున్నాడు.

ఆ సాయంత్రం నేను అక్క షాపు ముందునుంచి వస్తుంటే, అద్దంలో కోటు వేసుకున్న బొమ్మకి ఒక చెయ్యి లేదు. కోటు చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. అక్క బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చింది.

"బొమ్మ చెయ్యేదక్కా? మానేసేముందు విరిచేశావా?"

"నోర్ముయ్. పొద్దున్నే వచ్చి పెట్టాలి," అంది, అప్పుడే చెప్పులో రాయి పడ్డట్టు నడుస్తూ.