గయ్యాళి అత్త ఉన్న సినిమా

పెళ్లై అచ్చంపేటకు వచ్చిన కొత్తలో, టూరింగ్ టాకీసు వాళ్ల బండి మీద కొత్త సినిమా పోస్టరు కనిపిస్తే నేను హీరోను చూసేదాన్ని కాదు. గయ్యాళి అత్త వేషాలు వేసే ఆమె ఉందా అని వెతికేదాన్ని. ఉంటే నా గుండెల్లో రాయి పడేది. తెర మీద కోడలు కష్టాలు పడుతుంటే, మా అత్త పక్కన కూర్చుని నేను ఏ మొహం పెట్టాలి? ఏడిస్తే ఒక తప్పు, ఏడవకుంటే ఇంకో తప్పు.

ఒకసారి ఆట మధ్యలో రాబోయే సినిమా ముక్కలు వేశారు. ఆమె కళ్లురిమి చూస్తూ తెర నిండా వచ్చింది. నేను తల వంచుకుని కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను.

"గా సిన్మకు మనం రావద్దు," అన్నది మా అత్త.

"ఎందుకత్తమ్మా?"

"గామె కోడల్ని తిట్టినప్పుడల్లా నువ్వు నా దిక్కు చూస్తవు."