నెయ్యి మంట

అబద్ధమాడితే నోరు పూస్తుందని నాయనమ్మ అంటే అక్షరాలా నమ్మిన తెలివి నాది. ఇవాళ వంటింట్లో వెన్న కాగుతుంటే ఆ వాసనకి అదంతా గుర్తొచ్చింది.

ఎనిమిదేళ్ళప్పుడు ఉట్టి మీది బెల్లం నేను తినలేదని చెప్పాను. మర్నాటికి నాలుక నిండా పుళ్ళు. ఎక్కడ బయటపడతానోనని మూడు రోజులు ఆకలి లేదన్నాను, అంటే ఇంకో మూడు అబద్ధాలు.

నోట్లో పుళ్ళని నాయనమ్మ పట్టేసింది. పొద్దుటినుంచీ కల్లంలో మిరపకాయల తొడిమలు తీసిన వేలితోనే నెయ్యి తీసి పుళ్ళకి రాసింది. నోట్లో నిప్పు పడ్డట్టయింది. ఇదే శిక్ష అనుకుని, "బెల్లం నేనే తిన్నా నాయనమ్మా" అని ఏడ్చాను.

"బెల్లం సంగతి ఎవడడిగాడ్రా? నెయ్యి మండుద్దంట్రా ఎక్కడన్నా?" అంటూ ఆ వేలు తనే నాకి చూసింది. "చప్పగానే ఉంది గదరా."

ఆ వేలికీ ఆమె నాలుకకీ మంట తెలియడం ఏనాడో పోయింది.

చివరి రోజుల్లో, గుంటూరు ఆసుపత్రిలో, జబ్బుకిచ్చిన మందులకి ఆమె నోరంతా పూసింది. గంజి కూడా దిగేది కాదు. నేను సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని నెయ్యి రాశాను. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"మండుతోందా?"

"లేదురా" అంది.

"అబద్ధమాడితే నోరు పూసుద్ది నాయనమ్మా" అన్నాను.