టవలు వేసిన సీటు

ఎంసీయే చివరి ఏడాది నేను మనుషుల్ని తయారు చేశాను. తిరుపతిలో, మా కాలేజీ ల్యాబులో, ఒక డబ్బా మానిటరు మీద. అందరూ చిత్తూరు బస్టాండులో బస్సు కోసం నిలబడే మనుషులే. అది ముందే తీసిపెట్టిన సినిమా కాదు. ఎటు నడవాలో, ఎవరిని తప్పుకోవాలో అప్పటికప్పుడు వాళ్లే తేల్చుకునేవాళ్లు. నేను మీట నొక్కితే బస్సు వచ్చేది, వాళ్లు ఎక్కేవాళ్లు. క్లాసులో నా ప్రాజెక్టుకు సాటి వచ్చేది ఇంకోటి లేదని నాకు గట్టి నమ్మకం. పొగరనుకున్నా ఫరవాలేదు.

వైవాకు రెండు రోజుల ముందు మా నాయన ల్యాబుకు వచ్చాడు. ఆయన చిత్తూరు బస్సులో కండక్టరు. రెండు ట్రిప్పుల మధ్య దొరికిన అరగంటలో ఖాకీ చొక్కాతోనే వచ్చేశాడు. మార్కులకన్నా ఆయన మెప్పు మీదే నాకు ఆశ ఎక్కువ. బస్సు రప్పించి చూపించాను. కొందరు కిటికీలోంచి టవలు వేసి సీటు పట్టారు, మిగతావాళ్లు తోసుకుని ఎక్కి కూర్చున్నారు. నాయన కాసేపు చూసి, వీళ్లు మనోళ్లు కాదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంకా ఎంత తోసుకోవాలి అని అడిగాను.

"తోసుకునేది ఎవురైనా తోసుకుంటారు పాపా. టవలేసిన సీట్లో ఎవురన్నా కూసుంటారా?"

తెర వైపు చూశాను. నా మనుషులు పరాయి టవళ్ల మీద హాయిగా కూర్చుని ఉన్నారు. చిన్నప్పటినుంచీ ఆ బస్సుల్లోనే తిరిగి కూడా ఆ మాత్రం మరిచిపోయాను. సిగ్గేసింది.

ఆ రెండు రోజులూ కుర్చీ వదల్లేదు. టవలు కనిపిస్తే సీటు ఖాళీగా ఉన్నా పక్కన నిలబడడం, టవలు వేసిన మనిషి వస్తే దారి ఇవ్వడం వాళ్లకు నేర్పాను.

వైవాలో బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. సీటు ఖాళీగా ఉంటే ఈ మనిషి నిలబడ్డాడేమిటి, ప్రోగ్రాంలో తప్పుందా అన్నాడు. తప్పు కాదు సార్, టవలుంది, అన్నాను గొంతు తగ్గించకుండా. అంతలో టవలు మనిషి ఎక్కాడు, నిలబడ్డవాడు పక్కకు జరిగాడు. పరీక్షకుడు నవ్వి, ఇంకో ప్రశ్న వేయలేదు.

మార్కులు ఇంకా రాకముందే నాయనను మళ్లీ పిలిచాను. ఈసారి ఆయన కుర్చీ లాక్కుని, బస్సు నిండేదాకా కదలకుండా చూశాడు. భుజానికున్న తోలు సంచి అలవాటుగా ముందుకు జరుపుకున్నాడు.

"ఇప్పుడు వీళ్లకు టికెట్ కొట్టొచ్చు" అన్నాడు.