వేడి పోతోందిరా, ప్రసన్నా

జక్రయ్య మాస్టారికి వేడి వృథాగా పోతే ప్రాణం ఒప్పదు. వేడిగా ఏది కనపడినా చేయి దగ్గర పెట్టి చూసి, "పోతోందిరా, ప్రసన్నా" అని నిట్టూరుస్తారు. ఆ ప్రసన్నకుమార్‌ని నేనే. గుంటూరు పక్క ఇంజనీరింగ్ కాలేజీలో పదేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను.

ఆయన జేబులో ఎప్పుడూ బిస్కెట్టంత బిళ్లలుంటాయి. ఒక పక్క వేడి, రెండో పక్క చల్లదనం తగిలితే వాటిలో కరెంటు పుడుతుంది. నా పెళ్లిలో బిర్యానీ గుండిగకు ఒకటి అంటించి, పైన తడిగుడ్డ చుట్టి, బల్బు వెలిగించారు. బల్బు బాగానే వెలిగింది. చల్లారిన బిర్యానీని మా మామగారు ఇప్పటికీ మర్చిపోలేదు.

అలాంటి మనిషి చేతికి కాలేజీవాళ్లు హైడ్రోజన్ ఇంజను ఇచ్చారు. దానికి పొగ ఉండదు, ఆవిరే వస్తుంది. కానీ ఆ ఆవిరి పోయే గొట్టం పెనంలా కాలుతుంది. మాస్టారు దాని చుట్టూ బిళ్లలు బిగించారు. పొద్దున తొమ్మిదికి ఇంజను వేస్తే సాయంత్రం ఐదింటిదాకా ఆపేవారు కాదు. అన్ని గంటలు దేనికని అడిగితే, పరీక్షకి ఓపిక ఉండాలిరా అనేవారు. పిచ్చి ముదిరిందనుకున్నాను.

పోయిన ఫిబ్రవరిలో శ్రీరమ్య గారనే అధికారి తనిఖీకి వచ్చారు. గొట్టం వేడిలోంచి ఎనభై వాట్లు రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. మీటరు నలభై దగ్గర ఆగింది. మిగతాది ఏమైందని ఆవిడ అడిగారు. ఊరకే గంటసేపు మాట్లాడే మాస్టారు మెల్లగా కిటికీకి అడ్డంగా జరిగారు.

అప్పుడు కనపడింది, బిళ్లల కిందనుంచి కిటికీ దాటి, గోడ మీదుగా పోతున్న ఎర్ర తీగ. దాని వెంట వెళ్లాం. గోడ అవతల మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు. ముప్పైమంది ఆడవాళ్లు పనిలో ఉన్నారు. చూరు కింద, ఘాటును బయటికి లాగే ఫ్యాను తిరుగుతోంది.

"మాస్టారు ఇంజనేస్తేనే ఇది తిరుగుద్దండి" అంది వాళ్లలో జయకుమారి అనే ఆవిడ, తొడిమలు తీస్తూనే. "మా దగ్గులు గోడవతలికి వినపడ్డయ్యంట. మొదటిరోజు తిరగేసి బిగించి అందర్నీ ఏడిపించారులెండి."

"ఈ ఒక్క గంటా ఫ్యాను ఆపితే సరిపోయేదిగా, మాస్టారూ?" అన్నాను.

"పొద్దున ఆపుదామనే ఇక్కడికి వచ్చానురా. తీరా చూస్తే ఇవాళ తేజా కాయ."

తేజా అంటే కాయలన్నిట్లోకీ ఘాటు. శ్రీరమ్య గారు అప్పటికే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తుమ్ముతున్నారు. తుమ్ముల మధ్యే తన మీటరు తెప్పించి ఫ్యాను తీగకు తగిలించారు. నలభై రెండు. రెండూ కలిపి ఎనభై రెండని రాసుకుని, ఫ్యాను మాత్రం ఆపొద్దన్నారు.

ఆ మనిషిని పిచ్చివాడనుకున్నందుకు సిగ్గేసింది. ఆ మాటే చెబుదామని వెనక్కి తిరిగాను. మాస్టారు స్టూలెక్కి, ఫ్యాను మోటారు దగ్గర చేయి పెట్టి చూస్తున్నారు.

"ఇక్కడా పోతోందిరా, ప్రసన్నా."