వంతెన మీద గొడుగు దెబ్బలు

అప్పట్లో నేనెక్కితే బస్సు టైర్లు మూలిగేవి. ఓసారి కొవ్వూరు దాటాక గోదావరి వంతెన మీద బస్సు ఆగిపోయింది. నడిచిపోదాం రమ్మన్నాడు పక్కసీటు పెద్దాయన.

“సోమవారం నుంచి నడక మొదలెడతానండి” అన్నాను.

ఆయన నా చొక్కా పట్టుకుని కిందికి ఈడ్చి, గొడుగుతో వీపు మీద ఒక్కటిచ్చాడు. “నడవండి.”

“కొడతారేంటండీ?”

“మా తమ్ముడూ సోమవారమే అన్నాడండి. ఆదివారం పోయాడు. మోయలేక, దింపుడు కళ్ళం రాకముందే పాడె దించేశామండి.” మళ్ళీ కొట్టాడు. “ఆగకండి.”

ఆ ఏడు గోదావరికి వరదొచ్చిందంటే నా చెమటవల్లే. రాజమండ్రి ఒడ్డున కూలబడితే, నా మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

“రేపు పొద్దున్నా ఇక్కడికే రండి, కొడతాను.”

వాతలు తేలిన వీపుతో వెళ్ళాను. ఆయన రాలేదు. కాసేపు చూసి, ఒక్కణ్ణే వంతెనెక్కాను.