గేటు బయటి సాక్షి

"కరుణమ్మ పోయి ఏడాదవతాది. ఆదోరం మా మందిరంలో ఆదరణ కూడిక పెడతన్నాం. నువ్వు రావాల బాబూ" అని విశాఖ మద్దిలపాలెం నుంచి చర్చి పెద్దావిడ దీనమ్మ గారు ఫోన్ చేశారు. చూస్తానండీ అని పెట్టేశాను. కరుణ నా భార్య. ఈ ఏడాదిలో రాజమండ్రిలో ఆమె పేరు నా ముందు ఎత్తినవాడు లేడు. నేను బాధపడతానని అందరికీ జాలి. ఆ జాలితోనే నా ప్రాణం తీస్తున్నారు. ఒక్కసారి ఎవరి నోటనైనా ఆమె పేరు వినాలనిపించి ఆదివారం పొద్దున్నే రైలెక్కాను.

సామర్లకోట దాకా నిలబడ్డాను. తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది. తునిలో కొన్న ఇడ్లీకి చట్నీ పులిసిపోయి ఉంది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరే ఏదైనా కట్టుకెళ్ళడం మంచిది. ఎదుటి సీటాయన సింహాచలం వెళ్తున్నాడు.

"మీరూ అప్పన్న దర్శనానికేనా?" అన్నాడు.

"చర్చికండీ" అన్నాను. నా నుదుటి కుంకుమ వైపు ఓసారి చూశాడు.

పోర్టులో క్రేను నడిపిన రోజుల్లో మేము మద్దిలపాలెంలోనే ఉండేవాళ్ళం. ప్రతి ఆదివారం ఆమెను స్కూటరు మీద చర్చికి తీసుకెళ్ళి దింపేవాణ్ణి. ఆమె దేవుడు ఆమెది, నా దేవుడు నాది. ఆరాధన అయ్యేదాకా గేటు బయట స్కూటరు మీదే కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. రమ్మని ఆమె ఎన్నడూ బలవంతపెట్టలేదు. ఇప్పుడు ఆమే లేనప్పుడు ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళను? గెంటెయ్యరు గానీ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అంటారేమోనని బెంగ.

విశాఖ స్టేషన్ బయట షేర్ ఆటోవాడు "ఏటి బాబూ, ఒక్కలేనా?" అన్నాడు. ఒక్కణ్ణే అన్నాను. ఆ మాట అనడం నాకింకా అలవాటు కాలేదు.

మద్దిలపాలెం జంక్షన్‌లో దిగి, బస్సు డిపో వెనక సందులో నడిచాను. చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. లోపల పాట మొదలైంది. చెమటలు కక్కుతూ ఎంతసేపు నిలబడ్డానో, దీనమ్మ గారే బయటికొచ్చారు.

"ఎండలో ఏటలా నిలబడిపోనావు? సెప్పులిప్పి లోనికి రా."

చాపల మీద మగవాళ్ళ వైపు కూర్చున్నాను. ఒక్క పాటా నాకు రాదు. పాస్టరు గారు ఉన్నట్టుండి "కరుణమ్మ గారి భర్త గారు సాక్ష్యం చెబుతారు" అన్నారు. నాకు తెలిసిన సాక్ష్యం కోర్టులో చెప్పేదే. లేచి చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నేను సాక్షిని కాదండి. ఇక్కడ ఏం జరిగేదో ఏనాడూ చూడలేదు. గేటు బయటే ఉండేవాణ్ణి."

ఎవరో కిసుక్కున నవ్వారు. దేవుడు తనకు చేసిన మేలు చెప్పడాన్ని వాళ్ళు సాక్ష్యమంటారని తర్వాత తెలిసింది. ఆడవాళ్ళ వైపు నుంచి దీనమ్మ గారు లేచారు.

"నువ్వు సూడలేదు గాని, కిటికీలోంచి నిన్ను మాం సూసీవోలం బాబూ. ఆదోరం ఆదోరం కరుణమ్మతో కలిసి నీ పేరెట్టి పార్దన సేసీవోలం. నువ్వు మాకు కొత్తోడివేటి?"

"ఇందులో మీరు సంపాదించుకున్నదేమీ లేదండి, మేము ఇచ్చిందీ లేదు. దేవుడు ఊరికే ఇచ్చే ఈ మేలునే మేము కృప అంటాం" అన్నారు పాస్టరు గారు.

నేను బయట క్రికెట్ స్కోర్లు చదువుకుంటుంటే లోపల నా మేలు కోరారట. వాళ్ళకి నేనేం చేశానని? ఏడుపొచ్చింది. అంతమందిలో సిగ్గులేకుండా ఏడ్చేశాను. తర్వాత ఒక్కొక్కరూ లేచి కరుణ గురించి చెప్పారు. ఆమె పాట ఎప్పుడూ ఒక శ్రుతి పైనుండేదని చెప్పి నవ్వారు. భోజనాల దగ్గర "ఇంటోలు ముందు కూకోండి" అన్నారు. ఇంటివాళ్ళంటే నేనొక్కణ్ణే. ముందు వరసలో ఒక్క విస్తరి వేసి నాకు వడ్డించారు. కోడికూర, అన్నం. కడుపునిండా తిన్నాను.

సాయంత్రం రైల్లో రద్దీ లేదు. వాళ్ళ దేవుణ్ణి నమ్మానా అంటే ఇప్పటికీ చెప్పలేను. అక్కడ ఎవరూ అడగనూ లేదు. ఆమె ఉండగా ఒక్కసారైనా లోపలికి వెళ్ళి ఉంటే ఎంత సంతోషించేదో! ఆ దిగులు ఇక నన్ను వదలదు. అనకాపల్లి దాటాక ఎప్పుడన్నానో, "కరుణా" అని పైకే అన్నాను.

ఎదుటి సీట్లో పెద్దావిడ "ఏటి బాబూ?" అంది.

"మా ఆవిడ పేరమ్మా" అని, ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టాను. తుని వచ్చినా నా మాట ఆగలేదు.